రిపోర్టులో పక్క గడి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు డాక్టరువి గదా, ఆరోగ్యం గురించి ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. నేను మందులు రాసే డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబ్‌లో కూర్చుని రక్తపరీక్షలు చేసినవాణ్ణి. ఏం తినాలి, ఎంత నడవాలి అన్నది నాకంటే మీ ఫోన్లే ఎక్కువ చెబుతున్నాయి. అందుకని నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను. మీ అందరి ఇళ్లలోనూ రక్తపరీక్ష రిపోర్టులున్నాయి. అందులో మీ అంకె ఉంటుంది, దాని పక్క గడిలో ఇంత నుంచి ఇంత వరకు అని ఇంకో రెండు అంకెలుంటాయి. మీ అంకె ఆ రెంటి మధ్య ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. లేకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ పక్క గడిలో అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరిని కొలిచి వేశారు అన్నదే నేను చెప్పబోయేది.

ఇది నాకు పాఠ్యపుస్తకంలో మొదలైన విషయం కాదు. మా నాయనతో మొదలైంది. ఆయన మార్కాపురంలో పలకలు కోసే పని చేసేవాడని ఇక్కడ చాలామందికి తెలుసు. మనమంతా అక్షరాలు దిద్దింది ఆ పలకల మీదే. నేను మెడిసిన్ రెండో సంవత్సరంలో ఉండగా ఆయనకి సాయంత్రం పూట జ్వరం రావడం మొదలైంది. రక్తం తీశారు, వైడాల్ పరీక్ష చేశారు. 1:80 అని వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. క్లోరాంఫెనికాల్ గొట్టం మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. మళ్లీ పరీక్ష, మళ్లీ 1:80, మళ్లీ అవే మాత్రలు. మూడోసారి 1:160 వచ్చింది. "చూశారా, పెరిగింది, మందు సరిపోలేదు" అన్నారు. నాలుగు నెలలు గడిచాయి. మనిషి సగమయ్యాడు. సెలవులకి ఇంటికొచ్చి ఆయన దగ్గు విని, కళ్లె పరీక్ష చేయిద్దామని నేను పట్టుబట్టాను. క్షయ. అప్పటికే ఒక పక్క ఊపిరితిత్తి పైభాగం దెబ్బతింది. మందులు వాడాక బతికాడు గానీ మళ్లీ పలకల పనికి పోలేకపోయాడు.

పరీక్ష చేసినాయన మోసం చేయలేదు. ఆ సీరం నిజంగానే 1:80 దాకా పనిచేసింది. తప్పు అంకెలో లేదు, పక్క గడిలో ఉంది.

వైడాల్ పరీక్ష పాతది. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్ అనే డాక్టరు పెట్టిన పద్ధతి. టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి వస్తే మన రక్తం దానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారుచేస్తుంది. రోగి సీరంని పలచన చేస్తూ పోయి, చంపిన టైఫాయిడ్ క్రిములతో కలుపుతాం. యాంటీబాడీలుంటే క్రిములు గుంపుకట్టి రవ్వరవ్వగా కనిపిస్తాయి. ఒక వంతు సీరంని 20 వంతులు, 40 వంతులు, 80 వంతులు, 160 వంతులు చేసినా ఇంకా గుంపు కడుతోందా అని చూస్తాం. చివరిగా గుంపు కట్టిన చోటు పేరే టైటర్. ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపు. ఒక మెట్టు అటూ ఇటూ తేడా పరీక్ష చేసే చేతిలోనే వస్తుంది. అందుకే వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు, అంటే రెండు మెట్లు పెరిగితేనే దాన్ని లెక్కలోకి తీసుకోమంటారు. మా నాయనది 80 నుంచి 160. ఒక్క మెట్టు. అది పెరగడం కింద లెక్కకి రాదు.

ఇక అసలు చిక్కు చూడండి. టైఫాయిడ్ అరుదుగా వచ్చే దేశంలో మామూలు మనిషి రక్తంలో ఈ యాంటీబాడీలు దాదాపు ఉండవు. అక్కడ 1:80 వస్తే అనుమానించాల్సిందే. మన దగ్గర అలా కాదు. చిన్నప్పటినుంచి చెరువు నీళ్లు, ట్యాంకరు నీళ్లు తాగాం. తెలిసో తెలియకో ఎన్నిసార్లు ఆ క్రిమి మన కడుపులోకి పోయిందో. టీఏబీ సూదులు వేయించుకున్నవాళ్లున్నారు. పైగా మలేరియాలో, క్షయలో, కొన్ని కాలేయ జబ్బుల్లో కూడా వైడాల్ ఉత్తినే పైకి లేస్తుంది. కాబట్టి మన ఊళ్లో ఏ జబ్బూ లేని మనిషికి ఎంత ఉంటుందో ముందు తెలియాలి.

లెక్క కోసం ఒక ఊహ చెబుతాను, నిజమైన సర్వే అనుకోకండి. జ్వరం గిరం లేని 200 మందికి వైడాల్ చేశామనుకుందాం. 110 మందికి 1:20 లోపు, 50 మందికి 1:40, 32 మందికి 1:80, 8 మందికి 1:160 వచ్చిందనుకుందాం. 1:80 దాటితేనే అనుమానిద్దాం అని గీత గీస్తే ఆ 200 మందిలో 192 మంది గీతకి లోపలే ఉంటారు. అలా కాకుండా ఎక్కడో అచ్చు వేసిన కిట్టు కాగితంలో "1:80, ఆ పైన పాజిటివ్" అని ఉందనుకోండి, దాన్ని పట్టుకుంటే 40 మంది ఆరోగ్యవంతులకి టైఫాయిడ్ అంటగట్టినట్టు. ఐదుగురిలో ఒకరికి. వాళ్లెవరికైనా మామూలు జలుబు జ్వరమొస్తే యాంటీబయాటిక్, మా నాయనలాంటివాడికి క్షయ వస్తే నాలుగు నెలల ఆలస్యం. మన దేశంలో చాలా ఊళ్లలో మెడికల్ కాలేజీల వాళ్లు రక్తదాతల సీరం తీసుకుని ఈ గీత తేల్చుకున్నారు, ఎక్కడి గీత అక్కడిదే. టైఫాయిడ్‌ని గట్టిగా పట్టుకోవాలంటే జ్వరం మొదట్లోనే, యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ చేయాలి. కానీ చిన్న ఊళ్లలో వైడాలే నడుస్తోంది, ఇప్పటికీ.

ఈ గీత ఎలా గీస్తారో చెప్పడానికి మన బడే చాలు. ప్రార్థనకి డ్రిల్లు సారు మనల్ని ఎత్తు వరుసలో నిలబెట్టేవారు గుర్తుందా? ఆరోగ్యంగా ఉన్న 120 మందిని తీసుకుని, వాళ్ల అంకెల్ని అలాగే చిన్నదాన్నుంచి పెద్దదాకా వరుసగా నిలబెట్టండి. ముందు నుంచి మూడోది ఒక గీత, వెనక నుంచి మూడోది ఒక గీత. మధ్యలో నూటికి సుమారు 95 మంది ఉంటారు. పక్క గడిలో రెండంకెలు అవే. 120 ఎందుకంటే, అంతకంటే తక్కువ మందితో చేస్తే ఆ చివరి ఒకరిద్దరి మీద గీత ఊగిపోతుంది. ఆడవాళ్లకి, మగవాళ్లకి తేడా ఉంటే వేరువేరుగా 120 మంది కావాలి. పిల్లలకి మళ్లీ వయసు వారీగా కావాలి.

లెక్కల సారు ఇక్కడే ఉన్నారు గనక ఒక మాట. "సగటు తీసి, దానికి రెండు ప్రామాణిక విచలనాలు అటూ ఇటూ వేస్తే చాలదా?" అని ఆయన అడుగుతారు. ఎత్తుకైతే చాలు సార్. రోగనిరోధక పరీక్షలకి చాలదు. ఐజీఈ అని ఒకటుంది, ఉబ్బసానికి, అలర్జీకి చూస్తారు. ఎక్కువమందికి తక్కువగానే ఉండి, కొద్దిమందికి మాత్రం ఆకాశానికి పోతుంది. అలాంటి అంకెలకి సగటులోంచి రెండు విచలనాలు తీసేస్తే ఒక్కోసారి సున్నాకంటే కిందికి పోతుంది. రక్తంలో సున్నాకంటే తక్కువ ఏముంటుంది? అందుకే వరుసలో నిలబెట్టడమే మేలు, లేదా లాగరిథమ్ తీసి లెక్కకట్టాలి. మీరు బ్లాక్‌బోర్డు మీద లాగరిథమ్ టేబుల్ చూపిస్తుంటే ఇది ఎక్కడ పనికొస్తుందిలే అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఈ పద్ధతిలో ఇంకో కిటుకుంది. నూటికి 95 మంది లోపల ఉండేలా గీశాం గనక, ఏ జబ్బూ లేకపోయినా ఇరవై మందిలో ఒకరు బయటే ఉంటారు. హెల్త్ చెకప్ అని ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, ఆరోగ్యవంతుడైనా అన్నీ లోపలే రావడానికి అవకాశం నూటికి 36 పాళ్లే. మిగతావాళ్లకి ఏదో ఒకటి లావు అక్షరాల్లో వస్తుంది. హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఆ లావు అక్షరాల ఫోటో తీసి రాత్రి పదకొండు గంటలకి నాకు వాట్సాప్‌లో పంపే స్నేహితులు ఈ వాక్యం గుర్తుపెట్టుకుంటే నాకు కొంత నిద్ర మిగులుతుంది.

"నార్మల్" అన్న మాటే చిక్కు తెచ్చిపెడుతోందని ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు రాల్ఫ్ గ్రాస్‌బెక్, ఆయన సహచరుడు సారిస్ 1969లోనే అన్నారు. దాని బదులు "రిఫరెన్స్ విలువలు" అనమన్నారు. అంటే, ఫలానా మనుషులతో పోలిస్తే మీరు ఇక్కడున్నారు అని చెప్పడమే తప్ప, మీకు రోగముందనో లేదనో చెప్పడం కాదు. ఇప్పుడు మంచి ల్యాబుల రిపోర్టుల్లో ఆ మాటే అచ్చువేస్తున్నారు. మనం మాత్రం ఇంకా నార్మలనే చదువుతున్నాం.

ఇక నా ఉద్యోగంలో ఎక్కువకాలం గడిచిన పరీక్ష గురించి. సీడీ4. హెచ్ఐవీ ఒంట్లో దెబ్బతీసే తెల్లకణాల లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. మన జిల్లాలో ఈ జబ్బు తెలియని మండలం లేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరికి మందు మొదలుపెట్టాలన్నది ఎక్కువగా సీడీ4 అంకె మీదే నడిచింది. మొదట్లో గీత 200. తర్వాత 350కి, ఆ తర్వాత 500కి పెరిగింది. 2017 నుంచి అంకెతో పని లేకుండా హెచ్ఐవీ ఉన్న అందరికీ మందులిస్తున్నారు.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చూడాలి. ఆ 200 అనేది ఆరోగ్యవంతుల్ని వరుసలో నిలబెట్టి గీసిన గీత కాదు. ఎయిడ్స్ రోగుల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, 200 కిందికి దిగినవాళ్లకి ఒక రకం న్యుమోనియా వంటి ప్రాణాంతక జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని తేలింది. అది ప్రమాదం చూసి గీసిన గీత. ఆరోగ్యవంతుల గీత వేరు. రిపోర్టులో రెండూ ఒకే గడిలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. చదివేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

ఆరోగ్యవంతుల సంగతికొస్తే, పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో సీడీ4 సుమారు 500 నుంచి 1500 అని ఉండేది. 2003లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 430 నుంచి 1740 దాకా వచ్చింది. సగటు 865. ఆడవాళ్లకి మగవాళ్లకంటే ఎక్కువ. ఇథియోపియాలో హెచ్ఐవీ లేనివాళ్ల లెక్క ఐరోపా వాళ్లకంటే బాగా తక్కువ వచ్చింది. 430కీ 500కీ తేడా ఎంతలే అనిపిస్తుంది. మా ల్యాబ్‌లో రోజూ మిషను సరిగ్గా ఉందో లేదో చూడడానికి సిబ్బంది రక్తమే పెట్టేవాళ్లం. ఒకరోజు పొద్దున ఒక అమ్మాయికి 460 వచ్చింది. కిట్టు కాగితంలో కింది గీత 500. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఎవరికీ చెప్పకుండా హెచ్ఐవీ పరీక్ష చేసుకుంది. నెగెటివ్ వచ్చినా నమ్మలేదు, మళ్లీ చేసుకుంది. పెళ్లి కుదిరిన పిల్ల. వారం తర్వాత ఏడుస్తూ నాకు చెప్పింది. "అమ్మా, ఇప్పుడు సాయంత్రమైంది, ఒకసారి ఇవ్వు" అని రక్తం తీసి చూస్తే 640. సీడీ4 పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా వాళ్ల రక్తం వాళ్ల చేతనే మిషనులో పెట్టించినవాణ్ణి నేనే. ఆ వారం రోజుల దిగులు నా పద్దులోదే.

పిల్లల విషయంలో పొరపాటు దీనికి తిరగబడుతుంది. పెద్దవాళ్లకి 900 అంటే బ్రహ్మాండం. ఏడాది నిండని బిడ్డకి 900 అంటే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 లెక్కల ప్రకారం ఆ వయసులో 1500 కంటే తగ్గితేనే రక్షణ బాగా దెబ్బతిన్నట్టు. చంటిబిడ్డలకి ఆ కణాలు మామూలుగానే చాలా ఎక్కువ. పెద్దవాళ్ల గడి చూసి బిడ్డ బాగుందని ఇంటికి పంపిస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఐదేళ్లలోపు వాళ్లకి అంకెకంటే శాతం చూడమన్నారు.

మరైతే ఎక్కడి గీత అక్కడివాళ్లని కొలిచి గీసుకుంటే సరిపోతుందా? ఇక్కడే నాకు ఇప్పటికీ గుంజాటన. మన పక్క ఊళ్లు గుర్తుచేసుకోండి. కనిగిరి, పొదిలి, మార్కాపురం చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడు. మన క్లాసులోనే గారపళ్ల పిల్లలు ఎంతమంది! అలాంటి ఊళ్లో పిల్లల్ని వరుసలో నిలబెట్టి పళ్ల రంగు కొలిస్తే గోధుమరంగే నార్మలని తేలుతుంది. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యం అవుతుందా? రక్తంలో ఇసినోఫిల్స్, ఐజీఈ కూడా అంతే. నులిపురుగులున్న ఊళ్లో అందరికీ ఎక్కువే. ఆ ఎక్కువనే మన గీతగా పెట్టుకుంటే పురుగులకి మందు వేయాల్సిన పిల్లలు గడి లోపల చేరి కూర్చుంటారు.

కాబట్టి అసలు పనంతా 120 మందిని ఎవరిని నిలబెట్టాలన్న దగ్గరే ఉంది. హిమోగ్లోబిన్ విషయంలో మన దేశ శాస్త్రజ్ఞులు ఈ కష్టం పడ్డారు. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. దేశమంతటి పిల్లల రక్తపరీక్షల్లోంచి ఇనుము, విటమిన్ల లోపం ఉన్నవాళ్లని, ఇతర జబ్బుల గుర్తులున్నవాళ్లని తీసేసి, మిగిలినవాళ్లని మాత్రమే లెక్కవేశారు. గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతకంటే 1 నుంచి 2 గ్రాములు కిందికి దిగింది. దాన్ని ఒప్పుకోనివాళ్లున్నారు. గీత దించితే పేదపిల్లల రక్తహీనత కాగితం మీద మాయమవుతుందన్నది వాళ్ల భయం. రెండు వైపులా న్యాయముంది. నా మటుకు నేను, ముందు మనుషుల్ని ఏరడంలో అంత శ్రద్ధ పెట్టినవాళ్ల గీతనే నమ్ముతాను, అది పైకి పోయినా కిందికి పోయినా.

మన ప్రాంతంలో ఎవరిని ఏరాలి? పలకల పనివాళ్లు బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఆ రాతిపొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది, కీళ్లవాతానికి చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ వంటి యాంటీబాడీలు ఎక్కువమందిలో కనిపిస్తాయి. మా నాయన్ని ఆ సంవత్సరం ఎవరైనా రక్తదాతగా వరుసలో నిలబెట్టి ఉంటే, జ్వరం మొదలవక ముందు, ఆరోగ్యవంతుడనే రాసుకునేవాళ్లు. గిద్దలూరు, దోర్నాల అడవుల్లో చెంచుగూడేల వాళ్లున్నారు. వాళ్ల రక్తం ఏ పక్క గడిలో లెక్కకొచ్చిందో నేను ఇన్నేళ్లలో ఏ కిట్టు కాగితంలోనూ చదవలేదు.

చిన్న ల్యాబు 120 మందిని ఎక్కడ తెస్తుందని అడుగుతారు. దానికీ ఒక దారుంది. కిట్టు కాగితంలో గీత మన ఊరికి పనికొస్తుందో లేదో చూడడానికి 20 మంది చాలు. ఏరి తెచ్చిన 20 మంది ఆరోగ్యవంతుల్లో ఇద్దరికి మించి గీత బయటికి పోకపోతే ఆ గీతని వాడుకోవచ్చు. ఐదుగురో అంతకంటే ఎక్కువో పోతే దాన్ని పక్కన పెట్టాలి. మధ్యస్తంగా వస్తే ఇంకో 20 మందిని చూడాలి. ఇది అంతర్జాతీయంగా ల్యాబులు పాటించే నియమమే. ఖర్చు ఒక పూట భోజనాల పాటి ఉండదు.

అందుకే సంఘం వాళ్లకి నేనొక ప్రతిపాదన ఇచ్చాను. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో వైడాల్‌కి మన ప్రాంతపు గీత తేలుద్దాం. మన పూర్వ విద్యార్థుల్లో ల్యాబులు నడిపేవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదలు. పేర్లు బయటికి రావు, ఇష్టం లేనివాళ్లని అడగం. కాకపోతే ఈ సభలో ఉన్నవాళ్లు పెద్దగా పనికిరారు. ఏమీ అనుకోకండి. సగం మంది హైదరాబాదు, బెంగళూరు నీళ్లకి మారిపోయాం, ముప్పావు మంది షుగరు, బీపీ మాత్రలు మింగుతున్నాం. నాకు కావలసింది ఇక్కడే ఉండి, ఇక్కడి నీళ్లు తాగుతున్న మీ అన్నదమ్ములు, వదినలు, మేనకోడళ్లు. పద్దెనిమిది దాటినవాళ్లు. గత మూడు నెలల్లో జ్వరం రానివాళ్లు, టైఫాయిడ్ సూది వేయించుకోనివాళ్లు. పలకల పనివాళ్లని కూడా పిలవండి, వాళ్లని వేరే జాబితాలో రాసుకుంటాం, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయిద్దాం. మగవాళ్లు ఎలాగూ వస్తారు, ఆడవాళ్ల పేర్లు ఎక్కువ కావాలి. భోజనాల దగ్గర నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద నోటుబుక్కు పెట్టాను, తెల్ల అట్టది.